పాస్ట్ పర్ఫెక్ట్: సింపుల్, కంటిన్యువస్ రూపాల తేడా

ఇంగ్లిష్‌లో గతంలో జరిగిన ఒక సంగతి చెబుతూ, దానికంటే ముందే జరిగిన మరో సంగతిని ఎత్తుకోవడానికి రెండు క్రియారూపాలున్నాయి. ‘హ్యాడ్ రిటెన్’ వంటిది పాస్ట్ పర్ఫెక్ట్ సింపుల్. మన బడి పుస్తకాలు దీన్ని ఉత్త పాస్ట్ పర్ఫెక్ట్ టెన్స్ అంటాయి. ‘హ్యాడ్ బీన్ రైటింగ్’ వంటిది పాస్ట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్. భాషాశాస్త్ర గ్రంథాల్లో కంటిన్యువస్‌కు బదులు ప్రోగ్రెసివ్ అన్న మాట ఎక్కువగా కనిపిస్తుంది. రెండు రూపాలూ సూచించే కాలం ఒక్కటే. ఆ కాలంలో జరిగిన పనిని ముగిసిన మొత్తంగా చూస్తున్నామా, సాగిన తీరును చూస్తున్నామా అన్నదే తేడా. తెలుగువారికి ఈ రెండింటి మధ్య చిక్కు వచ్చేది కూడా ఇక్కడే. తేడాను కాలంలో వెతుకుతారు, అది అక్కడ ఉండదు.

రూపం, ఉచ్చారణ

సింపుల్ రూపానికి ‘హ్యాడ్’ పక్కన క్రియ మూడో రూపం చాలు. కోచింగ్ సెంటర్ల భాషలో చెప్పాలంటే ‘హ్యాడ్ ప్లస్ వీ త్రీ’. కంటిన్యువస్‌లో ‘హ్యాడ్ బీన్’ తర్వాత ఐఎన్‌జీ చేరిన క్రియ వస్తుంది. కర్త ఒకరైనా పదిమందైనా ‘హ్యాడ్’ మారదు. ప్రశ్నలో అది కర్త కంటే ముందుకు వస్తుంది, వ్యతిరేకార్థంలో దాని వెనక ‘నాట్’ చేరుతుంది. ‘షీ హ్యాడ్ హ్యాడ్ ఫీవర్ ఫర్ ఎ వీక్’ వంటి వాక్యంలో ఒకే మాట రెండుసార్లు రావడం చూసి అచ్చుతప్పు అనుకునేవారున్నారు. మొదటి ‘హ్యాడ్’ సహాయక క్రియ, రెండోది అసలు క్రియ.

కాగితం మీద ఇంత తేలిగ్గా ఉన్నది చెవికి అంత తేలిగ్గా అందదు. మాటల్లో ‘ఐ హ్యాడ్’ కుదించుకుపోయి ‘ఐడ్’ అవుతుంది. ‘ఐ వుడ్’ కూడా అలాగే ‘ఐడ్’ అవుతుంది. తర్వాత వచ్చే మాటను బట్టి ఏది ఏదో పోల్చుకోవాలి. మూడో రూపమో ‘బీన్’ అన్న మాటో వస్తే అది ‘హ్యాడ్’, మొదటి రూపం వస్తే ‘వుడ్’. ‘కమ్’, ‘రన్’, ‘పుట్’ వంటి క్రియలకు మొదటి రూపం, మూడో రూపం ఒకటే కాబట్టి అక్కడ సందర్భమే దిక్కు. పైగా ‘బీన్’ను చాలామంది పొట్టిగా ‘బిన్’ అనేస్తారు. అందువల్ల ‘హీ హ్యాడ్ బీన్ వెయిటింగ్’ అన్నది కొత్తగా నేర్చుకుంటున్నవారికి ‘హీ బిన్ వెయిటింగ్’ అన్నట్టే వినిపిస్తుంది. సినిమాలు చూసి ఇంగ్లిష్ నేర్చుకున్నవారి రాతలో ‘హ్యాడ్’ ఎగిరిపోవడానికి ఇదొక కారణం కావచ్చు.

మూడు కాలబిందువులు

జర్మన్ తత్వవేత్త హాన్స్ రైషెన్‌బాఖ్ 1947లో వెలువరించిన తర్కశాస్త్ర గ్రంథంలో టెన్సులను వివరించడానికి ఒక పద్ధతి చెప్పాడు. ఆ తర్వాత ఈ అంశం మీద రాసినవారిలో ఆ పద్ధతిని పట్టించుకోకుండా వెళ్లినవారు తక్కువ. ఆయన లెక్కలో ప్రతి వాక్యానికీ మూడు కాలబిందువులుంటాయి. మాట్లాడుతున్న క్షణం ఒకటి, సంఘటన జరిగిన క్షణం ఒకటి, ఆ సంఘటనను మనం ఎక్కడ నిలబడి చూస్తున్నామో ఆ క్షణం ఒకటి. సింపుల్ పాస్ట్‌లో సంఘటన, చూసే చోటు ఒకేచోట ఉంటాయి, రెండూ గతంలో. పాస్ట్ పర్ఫెక్ట్‌లో మూడూ విడివిడిగా ఉంటాయి. సంఘటన అన్నిటికంటే వెనక, చూసే చోటు దాని తర్వాత, మాట్లాడే క్షణం ఆ తర్వాత.

అంటే గతంలో నిలబడి ఇంకా వెనక్కి చూడటం. సింపుల్, కంటిన్యువస్ రెండిటికీ ఈ పునాది ఉమ్మడి. డేనిష్ వ్యాకరణవేత్త ఒట్టో యెస్పెర్సన్ 1924 నాటి తన పుస్తకంలో గతానికి ముందరి గతం అనే అర్థంలో దీనికి వేరే పేరే పెట్టాడు. వెనక్కి చూసినప్పుడు ఏం కనిపిస్తుందన్న దగ్గర రెండు రూపాల దారులూ చీలతాయి. కాలాన్ని టెన్స్ చూసుకుంటే, ఈ చూపును చూసుకునేది ఆస్పెక్ట్. భాషాశాస్త్రవేత్త బెర్నార్డ్ కామ్రీ ఈ రెండింటికీ విడివిడిగా పుస్తకాలు రాశాడు, ఆస్పెక్ట్ మీద 1976లో, టెన్స్ మీద 1985లో. బడుల్లో గోడకు వేలాడే పన్నెండు టెన్సుల పట్టిక ఈ రెండింటినీ కలగలిపి అన్నిటినీ టెన్సులే అంటుంది. పిల్లలు గుర్తుపెట్టుకోవడానికి పట్టిక బాగానే ఉంటుంది. అయితే పాస్ట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్ అనేది వేరే కాలమన్న భ్రమ పుట్టేది ఆ పట్టిక దగ్గరే.

జేమ్స్ మర్రీ నిఘంటువు

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ కథ తీసుకుంటే ఈ తేడా తేటపడుతుంది. స్కాట్లండ్‌కు చెందిన జేమ్స్ మర్రీ 1879లో ఆ నిఘంటువుకు సంపాదకుడిగా కుదిరాడు. పదేళ్లలో తేలిపోతుందనుకున్న పని అది. 1884లో తొలి భాగం అచ్చయ్యే సరికి ‘ఎ’ దగ్గర మొదలై ‘యాంట్’ అన్న మాట దాకా వచ్చారు. మర్రీ ఎ నుంచి డీ వరకు, హెచ్ నుంచి కే వరకు, ఆపైన ఓ, పీ అక్షరాలు చూశాడు. టీ అక్షరం దగ్గర ఉండగా 1915 జులైలో చనిపోయాడు. నిఘంటువు పూర్తయింది 1928లో.

ఇప్పుడు 1915లో నిలబడి వెనక్కి చూద్దాం. ‘మర్రీ హ్యాడ్ బీన్ ఎడిటింగ్ ద డిక్షనరీ ఫర్ థర్టీ సిక్స్ ఇయర్స్’ అనడం నిజం. ముప్పై ఆరేళ్లుగా ఆయన చేస్తున్న పని అదే. ‘మర్రీ హ్యాడ్ ఎడిటెడ్ ద డిక్షనరీ’ అంటే మాత్రం వినేవారికి నిఘంటువు పూర్తయినట్టు తోస్తుంది, అది నిజం కాదు. అదే సింపుల్ రూపాన్ని చిన్న పనికి తగిలిస్తే, ‘హీ హ్యాడ్ ఎడిటెడ్ ద లెటర్ హెచ్’ అంటే, మళ్లీ నిజమే. హెచ్ అక్షరం ముగిసిన పని. సంపాదకుడు మారలేదు, ఏడాది మారలేదు, నిలబడి చూస్తున్న చోటు కూడా మారలేదు. సింపుల్ రూపం పనికి హద్దు గీసి అది దాటిందంటుంది. కంటిన్యువస్ ఆ హద్దు ఊసెత్తదు. అది దాటిందో లేదో మిగతా మాటలే చెప్పాలి.

దీనిలో ఒక తర్క సమస్య కూడా ఉంది. ‘నడుస్తున్నాడు’ అంటే ఎంతో కొంత నడిచాడనే అర్థం. ‘ఇల్లు కడుతున్నాడు’ అంటే ఇల్లు కట్టాడని అర్థం కాదు. డబ్బు చాలక పునాదుల దగ్గరే ఆగిపోయినా ఆ మాట నిజమే. కొన్ని క్రియల్లో సాగడం నుంచి జరగడాన్ని ఊహించవచ్చు, కొన్నిటిలో ఊహించలేం. భాషాశాస్త్రవేత్త డేవిడ్ డౌటీ 1979 నాటి పుస్తకంలో ఈ చిక్కును విపులంగా చర్చించాడు. ‘హ్యాడ్ బీన్ బిల్డింగ్ ఎ హౌస్’ అని రాసేవారు ఇల్లు లేచిందని హామీ ఇవ్వడం లేదని గుర్తుంచుకుంటే, సింపుల్, కంటిన్యువస్ తేడాలో సగం చేతికి వచ్చినట్టే.

క్రియను బట్టి తేడా

రెండు రూపాల మధ్య తేడా అన్ని క్రియలకూ ఒకేలా ఉండదు. తత్వవేత్త జెనో వెండ్లర్ 1957లో రాసిన వ్యాసంలో క్రియలను నాలుగు తరగతులుగా విడదీశాడు. ఆ విభజన ఇక్కడ బాగా పనికొస్తుంది.

స్థితిని చెప్పే క్రియలు మొదటి తరగతి: తెలిసి ఉండటం, నమ్మడం, సొంతంగా కలిగి ఉండటం. ఇవి సాగే పనులు కావు కాబట్టి కంటిన్యువస్‌లోకి సాధారణంగా రావు. ‘హ్యాడ్ నోన్ హిమ్ ఫర్ ఇయర్స్’ అనాలి, ఎన్నేళ్లయినా సరే. ‘హ్యాడ్ బీన్ నోయింగ్’ అనకూడదు. దీన్ని వింత నియమంగా చూడనక్కర్లేదు. తెలుగులోనూ ‘నాకతను పదేళ్లుగా తెలుసు’ అంటాం గాని ‘పదేళ్లుగా తెలుస్తున్నాడు’ అనం. ‘తెలుస్తోంది’ అంటే అర్థమే మారిపోయి, ఇప్పుడిప్పుడే తెలియవస్తోందని అవుతుంది.

నడవడం, ఏడవడం, ఎదురుచూడటం, వాన కురవడం వంటివి రెండో తరగతి. వీటికి సహజమైన ముగింపంటూ ఉండదు. కంటిన్యువస్‌కు ఇవి సొంతిల్లు. ఉత్తరం రాయడం, ఇల్లు కట్టడం, వృత్తం గీయడం మూడో తరగతి. వీటికి ముగింపు ఉంది కాబట్టి రెండు రూపాల మధ్య దూరం ఇక్కడే అన్నిటికంటే ఎక్కువ. మర్రీ నిఘంటువు ఈ తరగతిదే.

నాలుగో తరగతి రెప్పపాటులో జరిగేవి: చేరుకోవడం, గమనించడం, దొరకడం, చనిపోవడం. వీటికి కంటిన్యువస్ తగిలిస్తే అర్థం పక్కకు జరుగుతుంది. ‘ద ఓల్డ్ మ్యాన్ హ్యాడ్ డైడ్’ అంటే ముసలాయన అప్పటికే పోయాడు. ‘ద ఓల్డ్ మ్యాన్ హ్యాడ్ బీన్ డైయింగ్ ఫర్ వీక్స్’ అంటే వారాల తరబడి కొన ఊపిరితో ఉన్నాడు. వచ్చినవారు ఒక్కరే అయితే ‘హ్యాడ్ అరైవ్డ్’. పెళ్లికి చుట్టాలు పొద్దుటి నుంచి ఒకరి వెనక ఒకరు దిగుతూనే ఉన్నారంటే ‘హ్యాడ్ బీన్ అరైవింగ్’. ఒక్క రాకను సాగదీయలేం గాని రాకల వరసను సాగదీయవచ్చు.

ఎన్ని, ఎంతసేపు

లెక్క చెప్పాలంటే సింపుల్, వ్యవధి చెప్పాలంటే కంటిన్యువస్. ఈ సూత్రంలో మొదటి సగం దాదాపు ఎప్పుడూ నిలుస్తుంది. ఎందుకు నిలుస్తుందో కూడా పై మాటల్లోనే ఉంది: లెక్కపెట్టాలంటే ఒక్కొక్కటీ ముగియాలి. టెన్జింగ్ నోర్గే 1953లో ఎడ్మండ్ హిల్లరీతో కలిసి ఎవరెస్ట్ శిఖరం ఎక్కేనాటికి అంతకు ముందే ఆరు ఎవరెస్ట్ యాత్రల్లో పాల్గొన్నాడు. తొలిసారి వెళ్లింది 1935లో. అందుచేత ‘హీ హ్యాడ్ జాయిన్డ్ సిక్స్ ఎక్స్‌పెడిషన్స్’ అంటాం, ‘హీ హ్యాడ్ బీన్ ట్రైయింగ్ సిన్స్ నైన్‌టీన్ థర్టీ ఫైవ్’ అంటాం. వీటిని తారుమారు చేసి ‘హ్యాడ్ బీన్ జాయినింగ్ సిక్స్ ఎక్స్‌పెడిషన్స్’ అంటే ఆరింటిలోనూ ఒకేసారి చేరుతూ ఉన్నట్టు వినిపిస్తుంది.

రెండో సగం మాత్రం అంతగా నిలవదు. వ్యవధి కనిపించిన చోటల్లా కంటిన్యువస్ పెట్టాలని, ‘సిన్స్’ గాని ‘ఫర్’ గాని కనిపిస్తే కళ్లు మూసుకుని ‘హ్యాడ్ బీన్’ రాసేయాలని పోటీ పరీక్షల గైడ్లు నేర్పుతాయి. ఖాళీలు పూరించే ప్రశ్నల్లో ఈ చిట్కా మార్కులు తెస్తుంది, భాషను మాత్రం తేదు. స్థితి క్రియల దగ్గర అది విఫలమవుతుందని చూశాం. వ్యతిరేకార్థంలో ఇంకా గట్టిగా విఫలమవుతుంది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు అనడానికి ‘హీ హ్యాడ్ నాట్ ఈటెన్ సిన్స్ మార్నింగ్’ అనాలి. ‘సిన్స్’ ఉన్నా ఇక్కడ కంటిన్యువస్ పొసగదు. ‘హీ హ్యాడ్ నాట్ బీన్ ఈటింగ్ వెల్’ అంటే వేరే సంగతి: కొన్నాళ్లుగా అతను సరిగా తినడం లేదు. తెలుగులో ‘తినలేదు’, ‘తినడం లేదు’ అనే రెండు వ్యతిరేక రూపాల మధ్య ఉన్న తేడా అచ్చంగా ఇదే.

ఆగిపోయిన పని, మిగిలిన జాడ

మన దేశంలో తరతరాల విద్యార్థులు ఇంగ్లిష్ వ్యాకరణం నేర్చుకున్నది 1930లలో వచ్చిన రెన్ అండ్ మార్టిన్ పుస్తకం నుంచి. గతంలో ఒక సమయానికి ముందు మొదలై ఆ సమయం దాకా సాగిన పనికి పాస్ట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్ వాడాలని అందులో ఉంటుంది. తప్పు కాదు గాని సరిపోదు. ‘హర్ ఐస్ వర్ రెడ్, షీ హ్యాడ్ బీన్ క్రైయింగ్’ అన్న వాక్యంలో ఆమె ఏడుపు మనం చూసే సమయానికి ఆగిపోయింది. ఏడుస్తూనే ఉంటే ‘వాజ్ క్రైయింగ్’ అనేవారు. కంటిన్యువస్ అక్కడికి రావడానికి కారణం కళ్ల ఎరుపు. పని అయిపోయినా దాని జాడ ఇంకా చెదరలేదు. నేల తడిగా ఉంది, అతని చేతులకు గ్రీజు అంటింది, ఆమె రొప్పుతోంది అన్న వాక్యాల పక్కన ఈ రూపం తరచూ కనిపించేది అందుకే. కంటికి కనిపిస్తున్నదానికి కారణం చెబుతుంది.

సింపుల్ రూపం కూడా ఫలితాన్ని చూపిస్తుంది. అయితే ఆ ఫలితం పని తాలూకు ఉద్దేశించిన ఫలితం. ‘హీ హ్యాడ్ పెయింటెడ్ ద డోర్’ అంటే తలుపుకు కొత్త రంగు వచ్చింది. ‘హీ హ్యాడ్ బీన్ పెయింటింగ్ ద డోర్’ అంటే చొక్కా మీద రంగు చుక్కలున్నాయి, తలుపు సంగతి చెప్పలేం. మరుసటి తరం వ్యాకరణాలు, ముఖ్యంగా ర్యాండాల్ఫ్ క్వర్క్ బృందం 1985లో తెచ్చిన బృహద్వ్యాకరణం, హడిల్‌స్టన్, పుల్లమ్‌లు 2002లో తెచ్చిన కేంబ్రిడ్జ్ వ్యాకరణం, సూత్రాల జాబితాకు బదులు ఇటువంటి అర్థభేదాలను లోతుగా చర్చించాయి. అవి మన బడుల దాకా దిగి రాలేదు.

తేడా పలచబడే చోట్లు

నివసించడం, ఉద్యోగం చేయడం, చదువు చెప్పడం వంటి క్రియలతో రెండు రూపాలూ దాదాపు ఒకే అర్థమిస్తాయి. ‘హ్యాడ్ వర్క్‌డ్ దేర్ ఫర్ టెన్ ఇయర్స్’ అన్నా ‘హ్యాడ్ బీన్ వర్కింగ్ దేర్’ అన్నా పదేళ్లే. కంటిన్యువస్‌లో తాత్కాలికత కొంచెం తొంగిచూస్తుంది. నిలబడటం అనే క్రియతో అది స్పష్టంగా బయటపడుతుంది. 1591లో కట్టిన చార్మినార్ గురించి 1991లో చెప్పాలంటే ‘హ్యాడ్ స్టుడ్ దేర్ ఫర్ ఫోర్ హండ్రెడ్ ఇయర్స్’ అనడమే మేలు. బస్టాపులో కుర్రాడు గంట నుంచి నిలబడ్డాడంటే ‘హ్యాడ్ బీన్ స్టాండింగ్’. చార్మినార్‌ను కూడా ‘హ్యాడ్ బీన్ స్టాండింగ్’ అంటే మర్నాడు ఎక్కడికో వెళ్లిపోతుందేమో అనిపిస్తుంది.

ఆశించడం, అనుకోవడం వంటి క్రియలతో మర్యాద అనే మరో అంశం చేరుతుంది. ‘ఐ హ్యాడ్ హోప్డ్ యూ వుడ్ కమ్’ అంటే నువ్వు వస్తావనుకున్నాను, రాలేదు. నిష్ఠూరం ధ్వనిస్తుంది. ‘ఐ హ్యాడ్ బీన్ హోపింగ్ యూ కుడ్ హెల్ప్’ అంటే మీరు కాస్త సాయం చేస్తారేమోనని, అంటూ మెల్లగా అడగడం. ఆశ ఇంకా తెగలేదు కాబట్టి ఎదుటివారికి ఒప్పుకునే చోటూ ఉంది, తప్పించుకునే చోటూ ఉంది.

తెలుగులో ఏం చేస్తాం

‘హ్యాడ్’ చేసే పనికి తెలుగులో అచ్చమైన ప్రత్యయం లేదు. ‘చూసి ఉన్నాను’ వంటి రూపాన్ని దానికి సాటిగా చూపేవారున్నారు గాని మాటల్లో దాని వాడకం పరిమితం. ముందువెనుకలు చెప్పడానికి మనం ‘తిని’, ‘చూసి’ వంటి క్త్వార్థకాన్ని వాడతాం. ‘అన్నం తిని పడుకున్నాడు’ అన్న వాక్యంలో ముందు తిండి, తర్వాత నిద్ర. ‘హ్యాడ్’ అక్కర్లేకుండానే వరస తెలిసిపోయింది. రైషెన్‌బాఖ్ చెప్పిన చూసే చోటును మాత్రం తెలుగు చక్కగా గుర్తిస్తుంది, ‘కి’ విభక్తితో: అప్పటికి, 1915 నాటికి, నేను వెళ్లేసరికి. ఈ ‘కి’ ఉన్న చోట ఇంగ్లిష్‌లో పాస్ట్ పర్ఫెక్ట్ అవసరమవుతుందేమో చూసుకోవడం అనువాదకులకు మంచి అలవాటు.

పని ముగిసిందని చెప్పడానికి మనకు ‘వేయు’, ‘పోవు’ అనే సహాయక క్రియలున్నాయి. నేను వెళ్లేసరికి ఉత్తరం రాసేశాడు, బస్సు వెళ్లిపోయింది. సింపుల్ రూపానికి దగ్గరి సాటి ఇదే. సాగుతున్న పనికి ‘తు’ చేరిన రూపం: నేను వెళ్లేసరికి రాస్తున్నాడు. అయితే ఇది ఇంగ్లిష్‌లో ‘వాజ్ రైటింగ్’ మాత్రమే. ‘నేను వెళ్లేసరికి రెండు గంటలుగా రాస్తున్నాడు’ అంటే తెలుగు క్రియ అలాగే ఉంటుంది, ఇంగ్లిష్ క్రియ ‘హ్యాడ్ బీన్ రైటింగ్’ అయిపోతుంది. వ్యవధి చేరగానే ఇంగ్లిష్ వెనక్కి చూడటం మొదలుపెడుతుంది. తెలుగు ఆ బరువంతా ‘రెండు గంటలుగా’ అన్న మాట మీద వేసి ఊరుకుంటుంది. మనవాళ్లు ‘వాజ్ రైటింగ్ సిన్స్ టూ అవర్స్’ అనడానికి మూలం ఇదే.

జాడ మిగిల్చిన పనికి తెలుగులో ఇంతకంటే అందమైన ఉపాయం ఉంది. క్త్వార్థకాన్ని రెండుసార్లు అనడం. ఏడ్చి ఏడ్చి కళ్లు ఎర్రబడ్డాయి. తిరిగి తిరిగి కాళ్లు పీకుతున్నాయి. ఎదురుచూసి ఎదురుచూసి విసుగొచ్చి వెళ్లిపోయాడు. పని చాలాసేపు సాగింది, ఇప్పుడు ఆగింది, ఫలితం ఒంటి మీదో మనసు మీదో ఉంది. ‘హ్యాడ్ బీన్ క్రైయింగ్’లో రెన్ అండ్ మార్టిన్ నిర్వచనానికి అందనిది ఈ జంట మాటల్లో పూర్తిగా ఉంది. ఇంగ్లిష్ నవలను తెలుగు చేసేటప్పుడు ‘ఆమె ఏడుస్తూ ఉండి ఉన్నది’ అని రాసి పాఠకుణ్ని హింసించేవారు ఈ దారి ఎందుకు తొక్కరో తెలియదు.

అలాగని ‘ఉండి’ చేర్చిన అతుకులన్నీ అసహజమే కావు. జరగనిదాన్ని ఊహించే వాక్యాల్లో తెలుగు, ఇంగ్లిష్ రెండూ ఒకే దారిన నడుస్తాయి. ‘ఇఫ్ యూ హ్యాడ్ లిజన్డ్ టు మీ’ అంటే ‘నా మాట విని ఉంటే’. ‘ఇఫ్ యూ హ్యాడ్ బీన్ లిజనింగ్’ అంటే ‘నువ్వు వింటూ ఉండి ఉంటే’. ఐఎన్‌జీకి ‘వింటూ’, బీన్‌కు ‘ఉండి’, హ్యాడ్‌కు ‘ఉంటే’ ముక్కకు ముక్క సరిపోతాయి. మొదటిది సలహా పెడచెవిన పెట్టినవాడితో అనే మాట, రెండోది పాఠం చెబుతుండగా కిటికీలోంచి బయటికి చూసినవాడితో అనేది. ఈ వాక్యాల్లో ‘హ్యాడ్’ గతానికి ముందరి గతాన్ని చెప్పదు, జరగలేదన్న సంగతిని చెబుతుంది.

పరోక్ష కథనంలో

ఎవరో అన్న మాటను తిరిగి చెప్పేటప్పుడు ఇంగ్లిష్ క్రియను ఒక మెట్టు వెనక్కి దించుతుంది. ‘హ్యావ్ బీన్ రీడింగ్’, ‘వాజ్ రీడింగ్’, ‘హ్యాడ్ బీన్ రీడింగ్’ మూడూ ‘హీ సెడ్’ తర్వాత ‘హ్యాడ్ బీన్ రీడింగ్’ అయిపోవచ్చు. అసలు మాట ఏదో వెనక్కి వెళ్లి తేల్చుకోలేం. తెలుగులో ‘అని’ ఉంది కాబట్టి ఈ గొడవ లేదు. కథల్లో మరో పద్ధతి చూస్తాం. వెనకటి కథ ఎత్తుకునేటప్పుడు రచయితలు ఒకటి రెండు వాక్యాలు పాస్ట్ పర్ఫెక్ట్‌లో రాసి, పాఠకుడు ఆ కాలానికి చేరాడనుకోగానే సింపుల్ పాస్ట్‌కు మారిపోతారు. పేజీ అంతా ‘హ్యాడ్’లు పరిచేది కొత్త రచయితలే.

చరిత్ర

‘హ్యాడ్’ రూపం పాత ఇంగ్లిష్ నుంచీ ఉంది. మొదట్లో అది కలిగి ఉండటమే. ఉత్తరం రాయబడి తన దగ్గర ఉందన్న అర్థం, క్రమేణా ఉత్తరం రాసి ఉన్నాడన్న అర్థంలోకి జారింది. రావడం, పోవడం వంటి క్రియలు చాలాకాలం ‘హ్యాడ్’కు బదులు ‘వాజ్’తోనే నడిచాయి. ఐఎన్‌జీ రూపం విడిగా పెరిగింది. రెండూ కలిసిన పర్ఫెక్ట్ ప్రోగ్రెసివ్ 14వ శతాబ్దంలో కవి చాసర్ రచనల్లో కనిపిస్తుంది. విరివిగా వాడుకలోకి వచ్చింది మాత్రం ఆధునిక కాలంలోనే.

వ్యాకరణవేత్తలు దీన్ని ఆలస్యంగా పట్టించుకున్నారు. జాన్ వాలిస్ 1653లో లాటిన్‌లో రాసిన ఇంగ్లిష్ వ్యాకరణంలో ఇంగ్లిష్‌కు ఉన్నవి రెండే టెన్సులన్నాడు. లిండ్లీ మర్రీ 1795లో లాటిన్ నమూనాలో ఆరు టెన్సులు చూపించాడు. ఆయన పుస్తకం బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ బడుల్ని ఏలింది. బడి పట్టికలో ఆరు పన్నెండయ్యాయి. నేటి భాషాశాస్త్రజ్ఞులు చాలామంది మళ్లీ రెండు దగ్గరికే చేరారు, మిగతాదంతా ఆస్పెక్ట్ కింద లెక్కగట్టి. వాలిస్ చెప్పినదానికి మూడు వందల ఏళ్ల తర్వాత విలువ పెరిగింది.

వాడుకలో పర్ఫెక్ట్ ప్రోగ్రెసివ్ అరుదు. డగ్లస్ బైబర్ బృందం 1999లో వెలువరించిన లాంగ్‌మన్ వ్యాకరణం పెద్ద భాషా నిధుల ఆధారంగా ఈ సంగతి చూపింది, అది సంభాషణలైనా, కథలైనా, వార్తలైనా, శాస్త్రరచనలైనా. దీని కర్మణి రూపం మరీ అరుదు. ‘ద బ్రిడ్జ్ హ్యాడ్ బీన్ బీయింగ్ బిల్ట్’ వ్యాకరణరీత్యా సాధ్యమే. ‘బీన్ బీయింగ్’ అని పక్కపక్కనే పలకడం ఇంగ్లిష్‌వారికే ఇబ్బందిగా ఉండి ‘దే హ్యాడ్ బీన్ బిల్డింగ్ ద బ్రిడ్జ్’ అని వాక్యం తిప్పేస్తారు.

భారతీయ ఇంగ్లిష్‌లో

మన దేశపు ఇంగ్లిష్‌లో సింపుల్ రూపాన్ని అవసరం లేని చోటా వాడటం ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. ‘ఐ హ్యాడ్ గాన్ టు విజయవాడ యెస్టర్‌డే’ అంటారు, దాని తర్వాత జరిగినదేదీ చెప్పకుండానే. వెనక్కి చూడటానికి నిలబడే చోటు లేదు కాబట్టి బ్రిటిష్ చెవికి ఇది సగంలో ఆగిన వాక్యంలా తోస్తుంది, ‘అయితే ఏమైంది?’ అని అడగాలనిపిస్తుంది. దేవయాని శర్మ 2001లో భారతీయ, బ్రిటిష్, అమెరికన్ ఇంగ్లిష్‌లలో ఈ రూపాన్ని పోల్చి పరిశోధన పత్రం వెలువరించింది. హిందీలో ‘గయా థా’ వంటి రూపం ఈ అలవాటుకు ఊతమిస్తుంది. తెలుగులో అటువంటి రూపం వాడుకలో లేకపోయినా తెలుగువారూ ఇలాగే మాట్లాడతారు కాబట్టి, మాతృభాష ఒక్కదానినే తప్పుపట్టడం కుదరదు. ఆఫీసులో తోటివారి నోట విన్నదీ, దరఖాస్తుల్లో చదివిందీ అంటుకున్నది.

కంటిన్యువస్ విషయంలో తప్పు దీనికి ఎదురు దిశలో నడుస్తుంది. అవసరమైన చోట కూడా ‘హ్యాడ్ బీన్’ రాదు. ‘ఐ వాజ్ వెయిటింగ్ ఫ్రమ్ టూ అవర్స్’ మనవాళ్ల నోట తరచూ వినిపించే వాక్యం. తెలుగు ‘రెండు గంటల నుంచి’ అన్నదాన్ని ఉన్నదున్నట్టు దించేశారు. ‘పొద్దుటి నుంచి’ అన్నా ‘రెండు గంటల నుంచి’ అన్నా మనకు ‘నుంచి’ ఒక్కటే. ఇంగ్లిష్ మొదలైన క్షణానికి ‘సిన్స్’, గడిచిన వ్యవధికి ‘ఫర్’ అంటుంది. ‘ఐ హ్యాడ్ బీన్ వెయిటింగ్ ఫర్ టూ అవర్స్’ అని దిద్దేటప్పుడు ఉపాధ్యాయులు సాధారణంగా ‘ఫ్రమ్’ ఒక్కటే కొట్టేసి ‘వాజ్’ను అలాగే వదిలేస్తుంటారు.